రిసీవర్ల రికార్డులు: డబ్బా మీది వాట్లు, హాల్లో వినబడే డెసిబెళ్లు

1970ల చివర్లో స్టీరియో రిసీవర్లు తయారుచేసే కంపెనీల మధ్య వాట్ల పందెం ఒకటి సాగింది. 1978లో పయొనీర్ ఎస్‌ఎక్స్-1980ని బజారులోకి దించింది. ఒక్కో ఛానెల్‌కి 270 వాట్లు, బరువు 35 కిలోల పైమాట. ఇద్దరు పట్టుకుంటే గానీ బల్ల మీదికి ఎక్కదు. మరాంజ్ 2600 మోడల్ 300 వాట్లకు వెళ్లింది. టెక్నిక్స్ ఎస్‌ఏ-1000 అయితే 330 వాట్లతో ఆ రెండింటినీ దాటేసింది. పాత ఆడియో సామాను సేకరించేవాళ్లు ఈ మూడింటి కోసం ఇవాళ్టికీ వెతుకుతూనే ఉంటారు.

ఇంతకీ 270 వాట్లకీ 330 వాట్లకీ చెవికి తెలిసే తేడా ఎంత? ఒక డెసిబెల్ కన్నా తక్కువ. పక్కపక్కన పెట్టి మార్చి మార్చి వినిపించినా చాలామంది పోల్చుకోలేరు. శబ్దం లెక్కే అలాంటిది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. మోత రెండింతలైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. హోం థియేటర్ రిసీవర్ కొనబోయేవాళ్లు అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. 80 వాట్ల మోడల్ కాదని 100 వాట్ల మోడల్‌కి వేలకు వేలు అదనంగా పెడితే, కేవలం వాట్ల వల్ల ఒరిగేది కూడా ఒక్క డెసిబెలే. పై మోడల్ కొనడానికి వేరే మంచి కారణాలు ఉండవచ్చు. వాట్లు మాత్రం ఆ కారణం కాదు.

వాట్లకు చట్టం

ఆ పందెంలో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ అంకెలు నిజమైనవి. ఎందుకంటే 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫైయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో నిబంధన తెచ్చింది. అంతకుముందు ఎవరికి తోచిన అంకెను వాళ్లు అచ్చేసుకునేవారు. హోం థియేటర్లు వచ్చి ఛానెళ్లు రెండు నుంచి ఐదు, ఏడు, తొమ్మిది అయ్యేసరికి ఏ ఛానెళ్లు పనిచేస్తుండగా కొలవాలన్న దగ్గర మళ్లీ గందరగోళం మొదలైంది. చివరికి 2024లో కమిషన్ నిబంధనను సవరించి, 8 ఓంల స్పీకర్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, డిస్టార్షన్ 1 శాతం లోపు అని కొలత షరతులను బిగించింది. ఇంత చిన్న విషయానికి యాభై ఏళ్లు పట్టింది.

1990ల్లో మన ఊళ్లలో మ్యూజిక్ సిస్టం కొన్నవాళ్లందరికీ మెరిసే స్టిక్కర్ మీది 'పీఎంపీఓ' గుర్తుండే ఉంటుంది. వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని రాసేవారు. ఆ అంకెకు ఎక్కడా ప్రమాణం లేదు, కొలిచే పద్ధతీ లేదు. గోడ ప్లగ్గు నుంచి తీసుకునే కరెంటును మించి ఏ పెట్టే నిలకడగా వాట్లు ఇవ్వలేదు కాబట్టి, వెనకవైపు వినియోగం ఎంత రాశారో చూసినవాళ్లకు మాత్రం అసలు సంగతి తెలిసిపోయేది. కష్టార్జితంతో కొన్నవాళ్లను అలా మభ్యపెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది.

పీఎంపీఓ ఇప్పుడు మంచి కంపెనీల డబ్బాల మీద లేదు. కానీ ఒకే రిసీవర్‌కి మూడు రకాల వాట్లు కనిపించడం మామూలే. ఒక చోట 70, ఇంకో చోట 100, మరో చోట 135 ఉన్నాయనుకుందాం. మూడూ నిజమే కావచ్చు. 70 అన్నది రెండు ఛానెళ్లు ఒకేసారి పనిచేస్తుండగా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, డిస్టార్షన్ 0.1 శాతం లోపు ఉన్నప్పటిది. 100 అన్నది ఒక్క ఛానెల్‌కి, 1,000 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఇచ్చి, డిస్టార్షన్‌ని ఇంకొంచెం వదిలేసి కొలిచింది. 135 అన్నది అదే ఒక్క ఛానెల్‌ని 10 శాతం డిస్టార్షన్ వచ్చేదాకా నెట్టి కొలిచింది. 10 శాతం అంటే గొంతు చీరుకుపోయినట్టు వినబడుతుంది. ఆ స్థాయిలో ఎవరూ సినిమా చూడరు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు ఈ మూడోదే. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఒకరి 70నీ, ఇంకొకరి 135నీ పక్కపక్కన పెడితే తీర్పు తలకిందులవుతుంది. ఓంలు, హెర్ట్జ్, డిస్టార్షన్, ఎన్ని ఛానెళ్లు అన్న నాలుగూ ఒకేలా ఉన్న వరుసలనే పక్కపక్కన పెట్టాలి.

హాలు కొలత

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. దాని ఘనపరిమాణం 1,800 ఘనపుటడుగులు. థియేటర్ శబ్దానికి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్ సంస్థ ఇంటి రిసీవర్లకు ఇచ్చే ముద్రల్లో 'సెలెక్ట్' అన్నది సుమారు 2,000 ఘనపుటడుగుల గదికి, తెర నుంచి 10 అడుగుల దూరంలో కూర్చునేవాళ్లకు ఉద్దేశించింది. 'అల్ట్రా' అన్నది 3,000 ఘనపుటడుగులకు, 12 అడుగుల దూరానికి. మన హాలు చిన్న ముద్రలోనే ఇంకా చోటు మిగిలేలా ఇమిడిపోతుంది.

ఆ ప్రమాణం కూడా సామాన్యమైంది కాదు. థియేటర్ స్థాయి శబ్దం అంటే ఒక్కో స్పీకర్ నుంచి కూర్చున్న చోట 105 డెసిబెళ్ల దాకా, సబ్‌వూఫర్ నుంచి 115 డెసిబెళ్ల దాకా మోత ఎగసిపడగలగాలి. అపార్ట్‌మెంట్లో అంత మోత పెడితే పక్కింటివాళ్లు తలుపు తట్టేస్తారు. మామూలుగా ఇంట్లో సినిమా చూసేది 70 డెసిబెళ్ల అటూఇటూ. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 88 డెసిబెళ్లు ఇచ్చే సాధారణ స్పీకర్‌ను తీసుకుందాం. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ ఒక్క వాటుకే 79 డెసిబెళ్లు అందుతాయి. అంటే సంభాషణలు వినేటప్పుడు రిసీవర్ ఒక వాటులో చిన్న వంతుతోనే గడిపేస్తుంది. మిగతా వాట్లన్నీ బాంబు పేలినప్పుడు, డప్పు మీద దెబ్బ పడినప్పుడు లిప్తపాటు అక్కరకొచ్చేవి.

స్పీకర్ ఒక వాటుకు ఎన్ని డెసిబెళ్లు ఇస్తుందన్న ఆ అంకెను సెన్సిటివిటీ అంటారు. రిసీవర్ కోసం ఊరంతా తిరిగేవాళ్లు కూడా దీన్ని అడగరు. 88 బదులు 91 ఉన్న స్పీకర్ కొంటే రిసీవర్ వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం, అదీ అదనంగా కరెంటు కాలకుండా. నా లెక్కలో కొనుగోలు మొత్తంలో ఇంత లాభసాటి అంకె ఇంకోటి లేదు.

అత్యధిక ఛానెళ్లు

ఇక ఛానెళ్ల రికార్డులు. ఒకే పెట్టెలో 13 ఛానెళ్లకు ఆంప్లిఫైయర్లు ఇమిడ్చి, రెండు సబ్‌వూఫర్ దారులు పెట్టిన తొలి రిసీవర్ డెనాన్ ఏవీఆర్-ఎక్స్8500హెచ్. 2018లో వచ్చింది, బరువు 23 కిలోల పైన. దాన్ని దాటింది కూడా అదే కంపెనీ. 2023 నాటి ఏవీఆర్-ఏ1హెచ్‌లో 15 ఛానెళ్లు, నాలుగు సబ్‌వూఫర్ దారులు, బరువు 32 కిలోలు. జపాన్‌లోని షిరకావా కర్మాగారంలో తయారయ్యే ఈ పెట్టె అమెరికా ధర విడుదలైనప్పుడు దాదాపు 6,500 డాలర్లు. ఆంప్లిఫైయర్లు లేకుండా శబ్దాన్ని విడదీసి పంచే పని మాత్రమే చేసే ప్రాసెసర్లను లెక్కలోకి తీసుకుంటే ఫ్రాన్స్‌కు చెందిన ట్రినోవ్ ఆల్టిట్యూడ్32 పేరులోనే ఉన్నట్టు 32 ఛానెళ్లకు వెళ్తుంది.

ఇంటి డాల్బీ అట్మాస్‌కు కాగితం మీద గరిష్ఠ హద్దు నేల మీద 24 స్పీకర్లు, పైకప్పులో 10. థియేటర్లలో అయితే 64 దాకా స్పీకర్ దారులు, 128 దాకా శబ్ద ట్రాకులు. ఆ పద్ధతిలో వచ్చిన తొలి సినిమా 2012లో పిక్సార్ వారి 'బ్రేవ్'. జపాన్ ప్రభుత్వరంగ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే దారి వేరు. అది తన 8కె ప్రసారాల కోసం 22.2 పద్ధతిని రూపొందించింది. పైన 9, మధ్యలో 10, కింద 3, వాటికి తోడు మంద్ర ధ్వనులకు 2, మొత్తం 24 స్పీకర్లు. 2018 డిసెంబర్ 1న ఆ 8కె ఛానెల్ ఉపగ్రహం ద్వారా ఇళ్లకు చేరడం మొదలైంది.

మన హాలుకు వద్దాం. మన ఇళ్లలో సోఫా చాలావరకు వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. 7.1లో వెనక పెట్టాల్సిన రెండు స్పీకర్లకు చోటే ఉండదు. బలవంతంగా గోడకు తగిలిస్తే చెవి పక్కనే మోగుతూ చికాకు పెడతాయి. ఏడు ఛానెళ్ల రిసీవర్‌తోనే ఆ రెండింటినీ పైకప్పుకు పంపి 5.1.2గా అమర్చుకోవచ్చు. చివరి 2 అన్నది తల మీది స్పీకర్ల సంఖ్య. వాన, హెలికాప్టర్, గుడి గంటల శబ్దం నిజంగా పైనుంచి దిగుతుంది. మన గదులకు ఇదే మేలని నేను గట్టిగా చెబుతాను. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఫాల్స్ సీలింగ్ పని మొదలయ్యే ముందే స్పీకర్ తీగలు లాగించాలి. రిసీవర్ ఇంకా కొనకపోయినా సరే. సీలింగ్ మూసేశాక తీగ లాగాలంటే జిప్సం పలకలు కోయాల్సిందే, మళ్లీ రంగు వేయాల్సిందే.

ఎనభయ్యేళ్ల నాటి సరౌండ్

సరౌండ్ శబ్దం డీవీడీలతో పుట్టిందనుకుంటారు చాలామంది. వాల్ట్ డిస్నీ 'ఫాంటాసియా' 1940 నవంబర్ 13న న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లో విడుదలైనప్పుడే ప్రేక్షకుల చుట్టూ శబ్దం తిరిగింది. ఆర్‌సీఏ కంపెనీతో కలిసి తయారుచేసిన ఆ పద్ధతి పేరు ఫాంటసౌండ్. శబ్దాన్ని బొమ్మ రీలులో కాకుండా విడిగా ఇంకో రీలులో నడిపేవారు. యంత్రాలు బరువు, ఖర్చు ఎక్కువ, బిగించడానికి రోజులు పట్టేది. దాంతో కొద్ది నగరాలతోనే ఆగిపోయింది.

5.1లోని ఆ '.1' వెనక ఉన్న ఇంజనీర్ టామ్లిన్సన్ హోల్మన్. టీహెచ్‌ఎక్స్‌ను రూపొందించిందీ ఆయనే. మంద్ర ధ్వనుల ఛానెల్ 20 నుంచి 120 హెర్ట్జ్ వరకే మోస్తుంది కాబట్టి దాన్ని పూర్తి ఛానెల్‌గా కాక చిన్న భిన్నంగా లెక్కపెట్టారు. ఆ సంస్థ నుంచే ఇంకో మంచి అంకె వచ్చింది, 80 హెర్ట్జ్. రిసీవర్ మెనూలో క్రాసోవర్ అన్నచోట స్పీకర్లను 'స్మాల్' అని ఎంచుకుని 80 పెడితే, అంతకన్నా కింది ధ్వనులన్నీ సబ్‌వూఫర్‌కి వెళ్తాయి. రిసీవర్ మీద బరువు ఒక్కసారిగా తగ్గుతుంది. ఎందుకంటే వాట్లను ఎక్కువగా మింగేవి ఆ కింది ధ్వనులే. మంచి స్పీకర్లు కొన్నాం కదా, వాటిని 'స్మాల్' అనడమేమిటని 'లార్జ్' పెట్టుకునేవాళ్లు చాలామంది. ఆ మాట స్పీకర్ పరిమాణం గురించి కాదు, దాని మీద ఎంత పని పెడుతున్నామన్నదాని గురించి.

అతివేగంగా పాతబడే భాగం

ఆంప్లిఫైయర్ ఇరవై ఏళ్లైనా కొత్తదానిలాగే పనిచేస్తుంది. రిసీవర్‌లో ముందుగా ముసలైపోయేది హెచ్‌డీఎంఐ. 2002లో మొదలైనప్పుడు సెకనుకు 4.95 గిగాబిట్లు. 2006లో 10.2, 2013లో 18, 2017లో 48కి చేరింది. 2025 జనవరిలో 96 గిగాబిట్ల రూపాన్ని ప్రకటించారు. 2020లో వచ్చిన తొలి 8కె రిసీవర్లలో కొన్నింటికి హెచ్‌డీఎంఐ చిప్‌లోనే లోపం ఉండి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి సెకనుకు 120 ఫ్రేముల 4కె బొమ్మ పంపితే తెర నల్లబడింది. అలాంటి పాత సరుకు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే ఈ ఒక్క విషయం అడిగి తీసుకోవాలి.

ఆటల పెట్టె లేని ఇంటికి ఈ పరుగంతా అవసరం లేదు. సెట్‌టాప్ బాక్స్, ఫైర్ స్టిక్ అన్నీ టీవీకే తగిలించి, టీవీ నుంచి రిసీవర్‌కి 'ఈఆర్క్' గుర్తున్న రంధ్రం ద్వారా ఒక్క తీగ వేస్తే సరిపోతుంది. పాత ఆర్క్ సెకనుకు ఒక మెగాబిట్ అటూఇటూ మోస్తే, ఈఆర్క్ 37 మెగాబిట్లు మోస్తుంది. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ శబ్దం 768 కిలోబిట్లకు మించదు. బ్లూరే డిస్కులో డాల్బీ ట్రూహెచ్‌డీ 18 మెగాబిట్ల దాకా వెళ్తుంది. ఇక్కడో చిన్న వింత. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో థియేటర్లకు డాల్బీ డిజిటల్ వచ్చినప్పుడు, ఫిల్ము అంచున పళ్ల చక్రం కోసం ఉండే రంధ్రాల మధ్య సందుల్లో అచ్చేసిన ఆ శబ్దం 320 కిలోబిట్లే. దానితోనే జనం చెవులు అప్పగించి విన్నారు.

738 దొరకని రేడియో

అమెరికాలో రిసీవర్ చవగ్గా వస్తోందని, తిరిగొచ్చే బంధువు చేత తెప్పించుకునే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అక్కడి సరుకు 120 వోల్టులకు తయారైంది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టమే, లేదంటే పవర్ సప్లయ్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలంటే రిసీవర్ లాగే వాట్లకు బాగా మించిన సామర్థ్యం ఉన్నది కావాలి, అది ఇంకో అయిదారు కిలోల ఇనప ముద్ద. వారంటీ ఇక్కడ చెల్లదు.

ఎవరూ ఊహించనిది రేడియో దగ్గర బయటపడుతుంది. అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, మన దేశంలో 9 కిలోహెర్ట్జ్ ఎడంతో. హైదరాబాద్ ఆకాశవాణి 738. విజయవాడ 837. రెండూ తొమ్మిదో ఎక్కంలోవి. అమెరికా రిసీవర్ మీట నొక్కుతూ పోతే 730, 740 అని దాటుకుంటూ వెళ్తుంది తప్ప 738 దగ్గర ఆగదు. ఎఫ్‌ఎంలోనూ అంతే. అక్కడ స్టేషన్లన్నీ 102.7, 102.9 అని బేసి అంకెలతో ముగుస్తాయి. హైదరాబాద్ వివిధభారతి 102.8. ఆ సరి అంకె మీద సూది నిలవదు. కొన్ని మోడళ్లలో ప్రాంతం మార్చే ఏర్పాటు లోపల దాచి ఉంటుంది, అన్నింటిలో కాదు. పొద్దున్నే రేడియో పాటలతో లేచే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న లోటు కాదు.

చేతులు మారిన పేర్లు

ట్యూనర్, ప్రీఆంప్లిఫైయర్, ఆంప్లిఫైయర్ మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చిన తొలి ఇంటి రిసీవర్‌గా చెప్పుకునేది 1954 నాటి హర్మన్ కార్డన్ ఫెస్టివల్ డీ1000. ఆ కంపెనీ పుట్టింది 1953లో, మరాంజ్ పుట్టిందీ అదే ఏడాది. 1910 నుంచీ ఉన్న డెనాన్ 2002లో మరాంజ్‌తో ఒకే గూటికి చేరింది. ఆ గూడు చేతులు మారి మారి 2022లో మాసిమో చేతికొచ్చింది. మాసిమో అంటే ఆసుపత్రుల్లో వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ల కంపెనీ. దాదాపు వంద కోట్ల డాలర్లు పెట్టి కొన్న ఆ వ్యాపారాన్ని 2025లో 35 కోట్ల డాలర్లకే వదులుకుంది. కొన్నది శాంసంగ్ కింద ఉన్న హర్మన్. అలా తొలి రిసీవర్ చేసిన పేరు, 15 ఛానెళ్ల రికార్డు ఉన్న పేరు ఒకే ఇంటివయ్యాయి. 1946లో మొదలైన ఓన్‌క్యో కంపెనీ 2022లో దివాలా తీసింది. దాని పేరుతో రిసీవర్లు వేరే యాజమాన్యం కింద వస్తూనే ఉన్నాయి. అందుకే ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందా, విడిభాగాలు దొరుకుతున్నాయా అని ఈ నెలలో అడగాలి, పదేళ్ల కిందటి పేరును నమ్ముకోకూడదు.

డబ్బాలో అతి చవకైన వస్తువు

రిసీవర్ డబ్బా అడుగున అరచేతిలో ఇమిడే చిన్న మైకు ఒకటి, పొడుగాటి సన్న తీగతో ఉంటుంది. చాలామంది దాన్ని కవర్లోంచి తీయనే తీయరు. నా అనుభవంలో మార్బుల్ గచ్చు, ఖాళీ గోడలు, గాజు కిటికీలు ఉన్న మన హాళ్లలో శబ్దాన్ని అన్నిటికన్నా ఎక్కువగా బాగుచేసేది అదే. గదిలో మాట ప్రతిధ్వనించి గజిబిజి అయ్యేచోట యాభై వాట్లు పెంచినా ఒరిగేది లేదు. కొలిచి దిద్దుకుంటే డైలాగు తేటపడుతుంది. ఈ పని చేసే పద్ధతుల్లో ఆడిస్సీ సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుల నుంచి, డిరాక్ స్వీడన్‌లోని ఉప్సల నుంచి వచ్చాయి. యమహాది వైపాఓ. పోల్చేటప్పుడు ఎన్ని చోట్ల కొలుస్తుంది, సబ్‌వూఫర్‌ను కూడా దిద్దుతుందా అన్న రెండు ప్రశ్నలు అడగాలి. ఆడిస్సీలో పై రకం ఎనిమిది చోట్ల కొలుస్తుంది, సబ్‌వూఫర్‌నీ వదలదు.

కొలిచేటప్పుడు ఫ్యాను, ఏసీ, కుదిరితే ఫ్రిజ్ కూడా ఆపాలి. మైకును సోఫా మీద పడెయ్యకుండా కెమెరా స్టాండుకు బిగించి, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో నిలపాలి. మొదటి కొలత రోజూ కూర్చునే చోటే తీయాలి. స్పీకర్ల దూరాలు, మోత హెచ్చుతగ్గులు దాన్నిబట్టే లెక్క కడతారు. అంతా అయ్యాక తెర మీద సబ్‌వూఫర్ దూరం చూసి కంగారుపడేవాళ్లున్నారు. ఏడడుగుల దూరంలో ఉన్నదాన్ని పన్నెండు అడుగులని చూపించవచ్చు. టేపుతో కొలిచి ఆ అంకెను ఏడుకు మార్చకండి. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్నే రిసీవర్ అడుగుల్లోకి మార్చి చూపిస్తోంది.